పనోరమిక్ హిల్: గోడ పక్క 5 అడుగుల జాగా మీద ఇంత పేచీ ఎందుకు?

క్లుప్తంగా

బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఆగ్నేయాన, ఫుట్‌బాల్ స్టేడియం వెనక నిటారుగా లేచే కొండ మీద ఉన్న చిన్న పేట పనోరమిక్ హిల్. 2005లో అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఇంటి గోడల నుంచి 5 అడుగుల లోపు మండే వస్తువేదీ ఉండరాదన్న బర్క్లీ నగర నిబంధన 2026 జనవరి నుంచి ఇక్కడ అమల్లోకి వచ్చింది. రంగు వేయని రెడ్‌వుడ్ గోడలు, గోడల మీదికి అల్లుకున్న తీగలు, కొండ వంపులతో పాటు మెలికలు తిరిగే ఇరుకు దారి ఈ పేటకు పేరు తెచ్చాయి. నిప్పు దగ్గరికి వచ్చేసరికి ఆ మూడూ బలహీనతలే. పేచీ అంతా ఇక్కడే మొదలవుతోంది. అయితే నిబంధన ఏం అడుగుతోంది, ఏం అడగడం లేదు అన్నది విడదీసి చూస్తే పాత ఇళ్ల అందాన్ని చాలావరకు కాపాడుకునే దారి కనబడుతుంది.

కొండ మీద ఏముంది

ఇక్కడ ప్లాట్లు వేయడం 1888లోనే మొదలైనా, పేటకు ఇప్పుడున్న రూపం వచ్చింది 20వ శతాబ్దం తొలి దశకాల్లో. 1898లో బర్క్లీలో పుట్టిన హిల్‌సైడ్ క్లబ్ కొండ మీద ఎలా కట్టాలో ఒక సిద్ధాంతమే తయారుచేసింది. రోడ్డు కొండను కోసుకుంటూ తిన్నగా పోకూడదు, కొండ వంపునే అనుసరించాలి. చెట్టు కోసం ఇల్లు పక్కకు జరగాలి గానీ ఇంటి కోసం చెట్టు పడకూడదు. గోడలకు రంగు పూయకూడదు, కలపను ఎండకూ వానకూ వదిలేస్తే తనంతట తానే కొండ రంగులో కలిసిపోతుంది. ఈ ఆలోచన వెనక ఉన్న వాస్తుశిల్పుల్లో ముఖ్యుడు బెర్నార్డ్ మేబెక్. పేటలోకి ఎక్కే రోడ్డు పనోరమిక్ వే మొదట్లోనే ఆయన 1902లో కట్టిన బోక్ హౌస్ స్విట్జర్లాండ్ పల్లె ఇంటి తీరులో, ముదురు రెడ్‌వుడ్ పలకలతో, బయటికి బాగా చాచిన చూరుతో ఉంటుంది.

మేబెక్ తరవాత ఈ వాలు మీద పనిచేసిన వాళ్ల పేర్లు చూస్తే కాలిఫోర్నియా వాస్తుచరిత్ర పాఠం చదివినట్టే ఉంటుంది. 1904లో ఆ రాష్ట్రంలో ఆర్కిటెక్ట్ లైసెన్స్ పొందిన తొలి మహిళ జూలియా మోర్గన్, ఆమె దగ్గర ఇంజినీరుగా చేసిన వాల్టర్ స్టైల్‌బర్గ్, ఎర్నెస్ట్ కాక్స్‌హెడ్, విలియం వర్స్టర్. హార్వెల్ హామిల్టన్ హారిస్ 1941 నాటికి పూర్తిచేసిన హేవెన్స్ హౌస్ అయితే ఇంటి కప్పు అన్న ఊహనే తిరగేసింది. మూడు త్రికోణపు కప్పులను తలకిందులు చేసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. కిందికి వంగే పైకప్పుకు బదులు పైకి తెరుచుకునే అంతస్తులు కాబట్టి లోపల నిలబడిన మనిషికి నేల కనబడదు, ఆకాశం, సముద్రపు పాయ, గోల్డెన్ గేట్ మాత్రమే కనబడతాయి. ఇప్పుడది విశ్వవిద్యాలయం ఆధీనంలో ఉంది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1939లో గీసిన నమూనా ఒకటి, ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1970లలో మాస్‌వుడ్ రోడ్డులో ఇల్లుగా లేచింది.

కార్లకు ముందే రూపుకట్టిన పేట కాబట్టి నడక దారులకూ ప్రాధాన్యం ఎక్కువ. కింది రోడ్డు నుంచి పైకి లేచే ఆర్చర్డ్ లేన్ మెట్ల వరస, పక్కన కాంక్రీటు పిట్టగోడలతో, ఏదో పాత ఐరోపా తోటలోంచి తెచ్చి పెట్టినట్టుంటుంది. అది అలంకారం కాదు, దారి. దాని అసలు విలువ ఏమిటో ఈ వ్యాసం చివర్లో తెలుస్తుంది.

చెక్క పెంకుల గోడ: ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది

బర్క్లీలో ఈ ఇళ్లను ‘బ్రౌన్ షింగిల్’ అంటారు. షింగిల్ అంటే చెక్క పెంకు. తెలుగువాళ్లకు పెంకు అనగానే కప్పు గుర్తొస్తుంది, ఇక్కడ గోడకూ అదే తొడుగు. దాదాపు 16 అంగుళాల పొడవు, పైకి పోయేకొద్దీ పలచబడే రెడ్‌వుడ్ ముక్కలను కింది నుంచి పైకి వరసలుగా మేకులు కొట్టుకుంటూ వస్తారు. ఒక్కో పెంకులో బయటికి కనబడేది 5 నుంచి 7 అంగుళాలే, మిగతాది పై వరస కింద దాగి ఉంటుంది. అందుకే ఎక్కడ చూసినా గోడకు రెండు పొరలు ఉంటాయి, వాన నీరు జారిపోతుంది. తేమకు కలప ఉబ్బుతుందని పక్కపక్క పెంకుల మధ్య సన్నని సందు వదులుతారు. ఒక వరస సందు మీద ఇంకో వరస సందు పడకూడదు, పడితే నీరు తిన్నగా లోపలికి పోతుంది.

రెడ్‌వుడ్ చేవలో సహజంగా ఉండే రసాయనాలు చెదను, కుళ్లును తట్టుకుంటాయి. నూరేళ్లు దాటిన గోడలు ఇంకా నిలబడి ఉన్నాయంటే కారణం అదే. మరి నిప్పు సంగతో? నిలువెత్తు రెడ్‌వుడ్ చెట్టు మంటను తట్టుకోగలదు, దాని బెరడు అంత మందం. ఆ గుణమే పెంకుకూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అంచు దగ్గర కొద్దిపాటి మందమే ఉండే ఎండు చెక్క పెంకు తేలిగ్గా అంటుకుంటుంది. వయసు మీరేకొద్దీ ఎండ తగిలే వైపు పెంకుల అంచులు వంకర తిరిగి పైకి లేస్తాయి, సందులు పెద్దవవుతాయి. గాలికి కొట్టుకొచ్చిన నిప్పురవ్వ దూరి కూర్చోవడానికి సరిపోయే గూళ్లు అవే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు గోడ అడుగు. మట్టి, రాలిన ఆకు, బెరడు ముక్కలు ఏళ్ల తరబడి పేరుకుని చివరి వరస పెంకులను ముట్టుకుంటాయి. వానాకాలంలో అక్కడ కుళ్లు పడుతుంది. కుళ్లి పొడిబారిన చెక్క మంచి చెక్క కన్నా చాలా తక్కువ వేడికే రాజుకుంటుంది. ముందు మంట లేవకపోవచ్చు, గంటసేపు కుంపటిలా కనకనలాడి తరవాత గోడ పట్టుకుంటుంది. అగ్నిమాపక బండి వెళ్లిపోయాక ఇల్లు తగలబడడం అంటే చాలాసార్లు ఇదే.

1923లో అటు కాలింది, ఇటు కాలలేదు

ఈ పేటలో పాత ఇళ్లు ఇన్ని ఎందుకు మిగిలాయి? మంచి కలప, మంచి పనితనం అన్నవి సగం జవాబే. 1923 సెప్టెంబరు 17న వైల్డ్‌క్యాట్ కాన్యన్ వైపు పుట్టిన గడ్డి మంట ఈశాన్యపు పొడిగాలికి గుట్ట దాటి క్యాంపస్ ఉత్తరపు వీధుల మీద పడింది. కొద్ది గంటల్లో 600 దాకా కట్టడాలు బూడిదయ్యాయి. మేబెక్ సొంత ఇల్లు, హిల్‌సైడ్ క్లబ్ భవనం కూడా పోయాయి. మధ్యాహ్నం దాటాక గాలి మళ్లి సముద్రం వైపు నుంచి చల్లగా వీయబట్టి మంట క్యాంపస్ అంచున ఆగింది. పనోరమిక్ హిల్ ఆ రోజు మంట దారిలో లేదు.

ఇప్పటికీ క్యాంపస్‌కు ఉత్తరాన నడిస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. మంట ముట్టని వీధిలో బ్రౌన్ షింగిల్ ఇళ్లు, మంట పోయిన వీధిలో 1920ల నాటి సిమెంటు గచ్చు గోడలు, ఎర్ర మట్టి పెంకుల కప్పులు. మేబెక్ కూడా పాఠం నేర్చుకున్నాడు. ఆ తరవాత తన కోసం కట్టుకున్న చోట గోనెసంచులను నురగలాంటి తేలిక కాంక్రీటులో ముంచి గోడలకు వేలాడదీసి ఆరబెట్టాడు. చెక్క పెంకుల్లాగే కనబడతాయి, కాలవు. ఊరు మాత్రం అంత త్వరగా నేర్చుకోలేదు. మండని కప్పులే వేయాలని మంట తరవాత చేసిన నిబంధన ఎంతో కాలం నిలవలేదు.

అంటే పనోరమిక్ హిల్ నిప్పును గెలిచి నిలబడ్డ పేట కాదు. నిప్పు పరీక్ష ఇంకా రాని పేట. చారిత్రక సంపద, ప్రమాదం రెండూ ఒకే కారణానికి రెండు ఫలితాలు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా చర్చ తేలిక.

నిప్పు కొండ మీద నడిచే తీరు

బర్క్లీలో వాన మే నెలకు దాదాపు ఆగిపోయి అక్టోబరు దాకా రాదు. వేసవంతా సాయంత్రం పొగమంచు వస్తుంది కాబట్టి ఆ నెలల్లో ముప్పు తక్కువ. అసలు గండం సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా. లోపలి ఎడారి ప్రాంతాల మీద గాలి పీడనం పెరిగినప్పుడు ఈశాన్యం నుంచి ‘డయాబ్లో గాలి’ వీస్తుంది. అది కొండల మీదుగా కిందికి జారేకొద్దీ ఒత్తిడికి వేడెక్కుతుంది, తేమ పడిపోతుంది. ఆరు నెలలు ఎండిన గడ్డి మీదికి ఆ గాలి వస్తుంది.

వాలు సంగతి వేరే. మంట పైకి ఎక్కేటప్పుడు దాని వేడి ముందున్న గడ్డినీ పొదలనూ తగలకముందే ఎండబెడుతుంది. వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం రెట్టింపు అవుతుందని అడవి మంటలతో పనిచేసేవాళ్ల లెక్క. 20 డిగ్రీల వాలు మీద అది నాలుగింతలు. పనోరమిక్ హిల్‌కు ఒక పక్క స్ట్రాబెరీ కాన్యన్, రెండో పక్క ఇంకో లోయ. పై నుంచి గాలి తోసే మంట, కింది నుంచి వాలు లాగే మంట, రెంటికీ ఇది అందుబాటులో ఉంది.

అయితే ఊళ్లలోకి వచ్చిన అడవి మంటల్లో ఎక్కువ ఇళ్లను మండించేది ముందుకు దూసుకొచ్చే మంటల గోడ కాదు. దానికి వందల గజాల ముందు గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వలు. అవి చూరు కింది గాలి రంధ్రాల్లోంచి అటకలోకి దూరతాయి, గట్టర్లో, అంటే చూరు అంచున వాన నీరు పోయే తొట్టిలో, ఎండుటాకుల మీద పడతాయి, డెక్ (ఇంటి బయటి చెక్క అరుగు) పలకల సందులో ఇరుక్కుంటాయి, కాళ్లు తుడుచుకునే కొబ్బరి పీచు పట్టా మీద రాజుకుంటాయి. ఒక ఇల్లు అంటుకున్నాక దాని వేడికి పక్కింటి కిటికీ అద్దం పగులుతుంది, అక్కడి నుంచి ఇంటికీ ఇంటికీ మధ్య గొలుసు మొదలవుతుంది. పనోరమిక్ హిల్‌లో ఇళ్ల మధ్య ఎడం చాలా చోట్ల తక్కువ.

ఈ కొండల మీద జరిగిన అతి పెద్ద ఘోరం 1991 అక్టోబరు 20 నాటిది. ముందు రోజు ఆర్పేశామనుకున్న గడ్డి మంట ఆదివారం గాలికి మళ్లీ లేచి ఓక్లాండ్, బర్క్లీ కొండల్లో 25 మంది ప్రాణాలు తీసింది. దాదాపు 3 వేల ఇళ్లు పోయాయి. చనిపోయిన వారిలో చాలామంది ఇరుకు రోడ్ల మీద, కార్ల వరసలో చిక్కుకున్నవాళ్లు. కరెంటు పోయి నీళ్ల పంపులు ఆగాయి. పక్క ఊళ్ల నుంచి సాయానికి వచ్చిన బండ్ల గొట్టాలు రెండున్నర అంగుళాలవి, ఓక్లాండ్ హైడ్రంట్ల (అగ్నిమాపక బండ్లకు నీళ్లిచ్చే వీధి కుళాయిలు) మూతి మూడంగుళాలది. బిగించడానికి అడాప్టర్లు చాలినన్ని లేవు. అంత చిన్న ఇత్తడి ముక్క లేక నిమిషాలు పోయాయంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

5 అడుగుల నిబంధన ఏం అడుగుతోంది

ఇంటి చుట్టూ 100 అడుగుల మేర పొదలు తగ్గించాలన్న చట్టం కాలిఫోర్నియాలో పాతదే. దాన్ని గోడ నుంచి 30 అడుగులు, 30 నుంచి 100 అడుగులు అని రెండు వలయాలుగా చూసేవారు. గోడను ఆనుకున్న మొదటి 5 అడుగులను ‘జోన్ జీరో’గా విడదీయాలని రాష్ట్రం 2020లో చట్టం చేసింది గానీ, దాని నియమాలు ఏళ్ల తరబడి ముసాయిదాల్లోనే నలిగాయి. 2025 జనవరిలో లాస్ ఏంజిలిస్ మంటలు చూశాక బర్క్లీ ఆగలేదు. గ్రిజ్లీ పీక్ అంచుకూ పనోరమిక్ హిల్‌కూ వర్తించేలా తన సొంత నిబంధన తెచ్చుకుంది.

పని ఏ వరసలో చేసుకోవాలన్నదే చాలామందికి అంతుచిక్కనిది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నవి ముందు చేయడం తెలివైన పద్ధతి. కప్పు మీదా గట్టర్లోనూ ఆకులు ఊడ్చేయడానికి రూపాయి ఖర్చు లేదు. తరవాత గాలి రంధ్రాలు. పాత ఇళ్లకు పావు అంగుళం కన్నాల జాలీ ఉంటుంది, రవ్వలు దర్జాగా పోతాయి. దాని స్థానంలో అంగుళంలో ఎనిమిదో వంతు, వీలైతే అంతకన్నా సన్నని కన్నాల లోహపు జాలీ బిగించాలి. ప్లాస్టిక్ జాలీ కరిగిపోతుంది, పనికిరాదు. మరీ సన్నని జాలీ దుమ్ముతో, రంగుతో మూసుకుపోతే అటకలో తేమ నిలిచి ఇంకో రోగం వస్తుంది కాబట్టి ఏడాదికోసారి బ్రష్‌తో దులపాలి.

ఇక ఆ 5 అడుగులు. మొక్కల మొదళ్లలో పరిచిన బెరడు ముక్కల పొర (మల్చ్) తీసి కంకర గానీ రాతి పలకలు గానీ పరచాలి. గోడను పట్టుకుని పాకే తీగలు, కిటికీ కింది పొదలు తీసేయాలి. కట్టెల మోపు, చెక్క బల్ల, ప్లాస్టిక్ చెత్త డబ్బా దూరంగా పోవాలి. ఇంటికి తగిలే చెక్క దడి మొత్తం మార్చనక్కర్లేదు, గోడకు కలిసే చివరి 5 అడుగులు లోహంతో చేయిస్తే వత్తిలా మంట ఇంట్లోకి పాకడం ఆగుతుంది. బాగా ఎదిగిన ఓక్ చెట్టును మొదలంటా నరకమని దీని అర్థం కాదు. కింది కొమ్మలు తీసి, మిగిలినవి కప్పుకూ గోడకూ తగలకుండా, పొగగొట్టానికి 10 అడుగుల ఎడంగా ఉంచాలి.

ఇక్కడే ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నిటారు వాలు మీద గోడ పక్క పొదలన్నీ పెరికేస్తే మట్టిని పట్టి ఉంచే వేళ్లు పోతాయి. జనవరి వానలకు బంకమట్టి నేల జారుతుంది. అందుకని వేళ్లను భూమిలోనే వదిలి మొదలు మట్టంగా కోయడం, కంకర కింద నీరు పక్కకు పోయేలా సన్నని కాలువ తీయడం, 5 అడుగుల అవతల లోతుగా వేళ్లూనే స్థానిక మొక్కలను ఎడంగా నాటడం మేలు. నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి మీద రాళ్లు పోస్తే వాన నీరంతా కింది ఇంటి రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) మీద పడుతుంది.

చారిత్రక హోదా అడ్డమా?

జాతీయ జాబితాలో ఉన్న ఇంటికి మేకు కూడా కొట్టకూడదన్న అపోహ బలంగా ఉంది. నిజానికి ఆ జాబితా గౌరవం మాత్రమే. సొంత డబ్బుతో, కేంద్ర ప్రభుత్వ నిధులూ అనుమతులూ లేకుండా చేసుకునే మార్పులను అది ఆపదు. కట్టడి చేసేది నగర స్థాయిలో ల్యాండ్‌మార్క్‌గా ప్రకటించిన ఇళ్ల విషయంలో, అదీ బయటి రూపం మారేటప్పుడు. జాలీ మార్చడానికి, కంకర పరచడానికి ఆ గొడవ రాదు.

గోడ పెంకులు మార్చే రోజు వచ్చినప్పుడు అసలు నిర్ణయం తీసుకోవాలి. మంటను ఆలస్యం చేసే మందును ఫ్యాక్టరీలో ఒత్తిడితో ఎక్కించిన చెక్క పెంకులు దొరుకుతాయి. వాటి కింద మండని బోర్డు పొర వేసి కడితే బయటికి పాత ఇల్లే, లోపల కొత్త రక్షణ. ఇంటి దగ్గర బ్రష్‌తో పూసే మందులు వానకు కొట్టుకుపోతాయి, వాటి మీద నమ్మకం పెట్టుకోకూడదు. చివరి వరసకూ నేలకూ మధ్య కనీసం 6 అంగుళాలు రాయో కాంక్రీటో లోహపు రేకో ఉండాలి. నూరేళ్ల ఇళ్లలో చాలావాటికి లేనిది ఇదే. ఖర్చు భారమైన యజమానులకు మిల్స్ చట్టం ఒక ఊరట. పదేళ్ల పాటు పాత కట్టడాన్ని బాగుచేస్తూ కాపాడతామని నగరంతో ఒప్పందం రాసుకుంటే ఆస్తి పన్ను తగ్గుతుంది.

బీమా కూడా యజమానులను ఇదే దారికి నెడుతోంది. కొండ ప్రాంతాల పాలసీలను కంపెనీలు పొడిగించకపోతే చివరి దిక్కు ఫెయిర్ ప్లాన్ అనే రాష్ట్రపు బీమా పథకం. ఇంటికి దాని పరిమితి 30 లక్షల డాలర్లు. చేత్తో చేసిన పనితనం ఉన్న పాత ఇంటిని తిరిగి కట్టాలంటే అది చాలకపోవచ్చు. 2022 నుంచి ఉన్న రాష్ట్ర నియమం ప్రకారం, 5 అడుగుల వలయం, గాలి రంధ్రాలు, కప్పు వంటివి సరిచేసుకున్నవాళ్లకు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలి. ఫొటోలు, రసీదులు దాచుకోకపోతే అడగడం కష్టం.

ఒకే దారి, కింద ఫాల్ట్

ఇన్ని చేసినా మారనిది ఒకటుంది. కారు ఎక్కడానికీ దిగడానికీ పనోరమిక్ వే ఒక్కటే. కొన్ని మలుపుల దగ్గర ఎదురెదురు కార్లలో ఒకటి వెనక్కి పోవాల్సిందే. పై భాగం ఓక్లాండ్ నగరంలో ఉన్నా అక్కడికి చేరాలంటే బర్క్లీలోంచే రావాలి. అందుకే బర్క్లీ ఈ కొండను ‘ఎన్విరాన్‌మెంటల్ సేఫ్టీ రెసిడెన్షియల్’ అనే ప్రత్యేక జోన్‌లో పెట్టి కొత్త ఇళ్లను గట్టిగా కట్టడి చేసింది. ఊరంతా ఇళ్ల కొరతతో సతమతమవుతుంటే ఇక్కడ ఎందుకు కట్టనివ్వరన్న ప్రశ్నకు జవాబు ఈ మలుపుల్లో ఉంది.

ఆ ఒక్క దారి మొదలయ్యేది హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పొరల పగులు పక్కనే. 1923లో తెరిచిన మెమోరియల్ స్టేడియం కింద నుంచే ఆ పగులు పోతుంది. భూకంపం లేనప్పుడు కూడా అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. 2012లో దాదాపు 63 వేల సీట్లతో తిరిగి తెరిచినప్పుడు, ఫాల్ట్ మీది భాగాలు విడిగా కదిలేలా కట్టారు. ఫాల్ట్ దక్షిణ భాగంలో చివరి పెద్ద కంపం 1868 అక్టోబరు 21న వచ్చింది. భూమి పొరల్లో దొరికిన ఆనవాళ్లను బట్టి పెద్ద కంపాల మధ్య సగటు ఎడం 150 ఏళ్లకు కాస్త అటూ ఇటూ. ఆ లెక్కన గడువు ఇప్పటికే నిండింది. చెక్క ఇల్లు ఊగుతుంది గానీ తేలిగ్గా కూలదు. పునాదికీ మొదటి అంతస్తుకూ మధ్య ఉండే పొట్టి చెక్క గోడ మాత్రం పక్కకు ఒరిగిపోతుంది. దాన్ని ప్లైవుడ్‌తో బిగించి పునాదికి బోల్టులు వేయడం రెండు మూడు రోజుల పని. గ్యాస్ పైపు తెగి, నీటి గొట్టం పగిలి, దారి మూసుకుపోయిన రోజున నిప్పు పుడితే ఆ 5 అడుగుల కంకరే కొంత సమయం ఇస్తుంది.

అద్దెకు దిగేవాళ్లు చూసుకోవాల్సినవి

బర్క్లీలో చదవడానికి వచ్చే తెలుగు విద్యార్థుల్లో కొందరికి ఈ కొండ మీద గది దొరుకుతుంది, క్యాంపస్ నడక దూరం, కిటికీలోంచి సముద్రం. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు చూసుకోవాలి: గది నుంచి బయటికి రెండో దారి ఉందా, చూరు కింది జాలీ కన్నాలు ఎంత పెద్దవి, డెక్ కింద ఏం సామాను పేర్చి ఉంది. అల్మేడా కౌంటీ హెచ్చరికలకు ఫోన్ నంబరు నమోదు చేసుకోవాలి. డయాబ్లో గాలి తీవ్రమైన రోజుల్లో మంట కోసం ఎదురుచూడకుండా ముందు రాత్రే కింద స్నేహితుల గదికి పొమ్మని బర్క్లీ అగ్నిమాపక శాఖ చెబుతుంది. కారు లేనివాళ్లకు, కార్ల వరస కదలని వేళ కారు ఉన్నవాళ్లకు కూడా, ఆర్చర్డ్ లేన్ మెట్లే దిగే దారి. వీధి దీపాలు ఆరిపోతే ఆ మెట్ల మొదలు వెతుక్కోవడం తేలిక కాదు. దిగిన మొదటి వారంలోనే ఒక రాత్రి టార్చి పట్టుకుని పై మెట్టు నుంచి కింది రోడ్డు దాకా ఒకసారి నడిచి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసిపెట్టుకోవాలి.